ప్రాక్టీసు గోడ ముందు తమరి సోఫా

క్రీడాధికారి గారి సముఖమునకు,
బాలికల వాలీబాల్ జట్టు శిక్షకురాలు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆటస్థలము పడమటి గోడ ముందుకు వాలుతున్నందున, ఆదివారం జరగబోవు పోటీలకు సదరు గోడ నీడన ఎవరినీ కూర్చోబెట్టరాదని, ముఖ్యముగా తమరి సోఫా అక్కడ వేయరాదని కోరుట గురించి.

సూచిక: ఇదే విషయమై ఇదివరలో సమర్పించుకున్న రెండు అర్జీలు.

తమ దివ్యసముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు గోడ మా జట్టుకు ప్రాక్టీసు గోడ. కొత్తగా చేరిన పిల్లకు నేను మొదట నెట్ చూపించను, గోడ చూపిస్తాను. రెండు ముంజేతులు కలిపి బంతిని గోడకు కొట్టాలి, తిరిగి వచ్చినదాన్ని మళ్లీ అలాగే లేపాలి. గోడకు అలుపూ ఉండదు, అలకా ఉండదు. పిల్లలకు దానంత మంచి జోడీ దొరకదు. గోడ దగ్గర పని వచ్చాక రెండో పాఠం. ఇద్దరి మధ్య పడబోయే బంతిని తీసుకునే పిల్ల "నాది!" అని గట్టిగా అరవాలి. అరిచాక ఆ బంతిని వదలకూడదు. వదిలితే గ్రౌండ్ చుట్టూ పరుగు. నా దగ్గర ఉన్న విద్యంతా ఈ రెండే, మిగతాది చెమట.

2. పోయిన వానాకాలం దాటాక బంతి కిందికి రావడం మొదలైనది. నడుము దగ్గరికి రావలసినది మోకాళ్ల దగ్గరికి వస్తున్నది. తప్పు పిల్లలదే అనుకొని, "మోకాళ్లు వంచండర్రా, కర్రల్లా నిలబడతారేం!" అని రోజూ గొంతు చించుకున్నాను. వంచారు. బంతి ఇంకా కిందికి వచ్చింది. ఇంకా వంచారు. ఆ విధముగా మా జట్టు నేలకు జానెడు ఎత్తులో ఉన్న బంతిని కూడా లేపగల జట్టు అయినది. క్రితం పోటీల్లో ఎంతటి స్మాష్ కొట్టినా మా పిల్లలు బంతిని నేల తాకనివ్వలేదు. కప్పు చేతికిస్తూ తమరే, "ఏం డ్రిల్లమ్మా ఇది! మిగతా కోచ్‌లకు కూడా చెప్పు" అన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఆ మెచ్చుకోలుతోనే ఈసారి పోటీలు మా గ్రౌండ్‌కు మంజూరు చేశారు. అయ్యా, ఆ డ్రిల్ నేను కనిపెట్టింది కాదు. మా మీదికి వాలుతున్న గోడ నేర్పింది.

3. ఈ సంగతి మొదట కనిపెట్టిన పిల్లను అందరం పిచ్చుక అంటాం. జట్టులో అందరికన్నా చిన్నది. మా అక్క కూతురు. ఇంట్లో పిన్నీ అని పిలిచినా గ్రౌండ్‌లో కోచ్ అనాలని నా ఆర్డరు. ఒకరోజు బంతి చంకలో పెట్టుకుని గోడకు దూరంగా నిలబడిపోయింది.

"ఏమే, చేతులు నొప్పా?" అన్నాను.

"కాదు పిన్నీ," అంది, ఆర్డరు మరిచిపోయి. "గోడ నా మీదికి వస్తోంది."

"గోడ రావడమేంటే? వంకలు మాని బంతి కొట్టు."

కొట్టింది, పాపం. కానీ ఆ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. పిల్లల్ని పంపేశాక నిచ్చెన వేసుకుని, తాడుకు రాయి కట్టి గోడ పైఅంచు నుంచి వదిలాను. రాయి గోడ మొదట్లో ఆనలేదు. ఇవతలికి వచ్చి వేలాడింది. ఆ సందులో వాలీబాల్ పెట్టి చూశాను. పట్టింది. గుండెల్లో రాయి పడిందని వ్రాస్తే అర్జీలో బాగుండదేమో, కానీ పడింది. అదే సందులో మొన్న మళ్లీ పెట్టి చూడగా బంతి వదులుగా దొర్లింది.

4. గోడ అవతలి స్థలం పనుల శాఖ వారిది. రోడ్లు తవ్వగా వచ్చిన మట్టినంతా లారీలతో తెచ్చి మా గోడకు ఆనించి పోస్తున్నారు. ఆ దిబ్బ మీద మొలిచిన గడ్డి ఇప్పుడు గోడ పైనుంచి మా ఆట చూస్తున్నది. గోడ పరిస్థితి బాగోలేదని నేను మొదటి అర్జీ పెట్టుకొనగా, తమ ఆఫీసు వారు తక్షణమే స్పందించి రంగు వేయించారు. రంగుకు ముందు, అవతలి నీరు ఇవతలికి కారే తూములు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని సిమెంటుతో పూడ్చారు. వాటి మీద, గాల్లోకి ఎగిరి స్మాష్ కొడుతున్న అమ్మాయి బొమ్మ వేయించారు. బొమ్మ బాగుంది, కాదనను. వాన నీరు మాత్రం ఎటూ పోలేక మట్టిలోనే నిలిచిపోతున్నది. బొమ్మ మోకాలి దగ్గర వెంట్రుకలా మొదలైన పగులు ఈ వారం భుజం దాటింది. అందులో ఇప్పుడు నా చిటికెనవేలు దూరుతుంది.

రెండో అర్జీకి ఇంజనీరు గారు వచ్చారు. అరచేత్తో గోడను చరిచి "గట్టిగానే ఉందమ్మా" అన్నారు. "గట్టిగా ఉంటే ఎందుకు వాలింది సార్?" అంటే ఇంకోసారి చరిచి వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన జవాబులో గోడ ఇటు ముఖము క్రీడా శాఖకు, అటు ముఖము పనుల శాఖకు చెందునని, ఇటు ముఖమునకు ఇదివరకే రంగు వేయబడినదని ఉన్నది. రెండు ముఖాల మధ్యనున్న గోడ ఎవరిదో చెప్పే నాథుడు లేడు. రెండు ఆఫీసులకూ కాళ్లరిగేలా తిరిగాను.

5. పోటీలు మధ్యాహ్నం. ఆ వేళకు నీడ ఉండేది గోడ కిందనే. కావున ఏర్పాట్ల కాంట్రాక్టరు కుర్చీలన్నీ గోడ పొడవునా వేయించి, నడుమ తమరి సోఫా పెట్టించాడు. బొమ్మలోని అమ్మాయి తమరి తల వెనుక ఫోటోలో పడాలట. కుర్చీలు నేను ఇవతలికి లాగితే, అతని మనుషులు మళ్లీ గోడ వైపుకు లాగారు. "సార్‌ని ఎండలో కూర్చోబెడతావా తల్లీ? నా బిల్లు పాస్ కావద్దా?" అని నన్నే బతిమాలుకున్నాడు.

6. అంత భయమైతే నీ జట్టును మాన్పించుకోవచ్చు కదా అని తమకు తోచవచ్చును. మాన్పించుకోగలను. కానీ మిగతా జట్ల పిల్లలు వస్తారు. గోడ కనబడితే వాలీబాల్ పిల్లలు ఊరుకోరు. బస్సు దిగి, సంచులు కింద పడేసి, ముందు దాని మీదే బంతి కొడతారు. వాళ్లను వద్దనడానికి మేము అక్కడ ఉండి తీరాలి.

కావున తమరు దయయుంచి పోటీలను వేరే చోటికి మార్పించవలసినదిగా, అది కుదరని పక్షమున కుర్చీలను ఎండలోకైనా జరిపించవలసినదిగా ప్రార్థన. ఎండకు తల నొప్పి వస్తుంది, అంతే. నిన్న సాయంత్రం మళ్లీ వాన పడింది. రేపు కూడా పడేలా ఉంది. ఫైలు ఇంకో బల్ల మీదికి వెళ్లక ముందే, తమ బల్ల మీద ఉండగానే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
బాలికల వాలీబాల్ శిక్షకురాలు

తా.క.: సార్, ఇది అర్జీలో వ్రాయదగినది కాదు, అందుకని కింద వ్రాస్తున్నాను.

ఈ వారం నేను సర్వీసు నేర్పలేదు, స్మాష్ నేర్పలేదు. ఒక్కటే డ్రిల్. నేను మూడు విజిళ్లు వేస్తే, బంతి ఎక్కడున్నా వదిలేసి, ఒక్కొక్కరికి అప్పజెప్పిన కుర్చీల వాళ్లను చేతులు పట్టుకుని లేపి, అందరూ కోర్టు అవతలి గీత దాకా పరుగెత్తాలి. ఒంటరిగా వస్తే వచ్చినట్టు కాదు. పిల్లలకు కుర్చీలు వరుసల లెక్కన పంచాను. అప్పుడు మా కెప్టెన్, పొడుగుపిల్ల, "సోఫాలో సార్‌ని ఎవరు లేపుతారు కోచ్?" అని అడిగింది. తమరి చెయ్యి పట్టుకు లాగాలంటే పిల్లలకు బెదురు. నేను లేపుతానని నోరు తెరిచేలోపే పిచ్చుక "నాది!" అని అరిచింది.

తమకు పూలగుత్తి ఇచ్చి సోఫా పక్కన నిలబడేది అదేనట. ఫోటోలో చిన్నపిల్ల బాగుంటుందని తమ ఆఫీసు వారే ఎంపిక చేశారు. మార్చమని అడిగితే, పేరు పైకి పంపేశామని చెప్పారు.

"నువ్వొద్దు, సార్‌ని నేను చూసుకుంటా" అన్నాను.

"నువ్వు నెట్ దగ్గర ఉంటావు కదా. దూరం," అంది. "అయినా అరిచాక వదలకూడదని చెప్పింది నువ్వే కదా పిన్నీ."

"ఆయన లేవకపోతే?"

"లేచేదాకా లాగుతా."

సార్, తమరు భారీ మనిషి. విజిల్ వినగానే లేస్తారో, ఏమిటీ అల్లరని ఇంజనీరు గారి వైపు చూస్తూ కూర్చుంటారో నాకు తెలియదు. అది మాత్రం తమరి చెయ్యి వదలదు. వదలకూడదని నేర్పింది నేనే, మా అక్కకు ఏం చెప్పుకోను? తమకు పుణ్యం ఉంటుంది, ఆ సోఫాలో కూర్చోకండి.