సన్నగా ఉంటే సరిపోదట

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామనే కూర్చున్నాను. మీ నాన్న రాయనిస్తేగా!

"నాన్న పథ్యం చేస్తున్నారా?" అని అడిగావు. చేస్తున్నారు, నా ప్రాణానికి! ఇంట్లో చప్పటి టీ. తన కటింగ్ షాపు తెరవగానే చక్కెర దట్టించిన టీ, దాంతో బన్ను. అడిగితే, "వెదురుబద్దలా ఉన్నాను, నాకు సుగరేంటి? ఆ రిపోర్టు ఇంకెవరిదో" అంటారు.

డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. పాపం, ఆవిడ ఓపిగ్గా చెప్పింది. కాలేయంలో సన్నసన్నని రక్తనాళాలుంటాయట. వాటి గోడలకి కంటికి కనబడని చిల్లులు. రక్తంలోని కొవ్వు, ఇన్సులిన్ ఆ చిల్లుల్లోంచే కాలేయంలోకి దిగాలి. వయసు మీదపడేకొద్దీ గోడలు మందమై చిల్లులు తగ్గిపోతాయట. ఇక కొవ్వు రక్తంలోనే తిరుగుతుంది, ఇన్సులిన్ చేరాల్సిన చోటికి సరిగ్గా చేరదు. సుగర్ పెరగడానికి అదీ ఒక కారణమట.

"సన్నగా ఉన్నంత మాత్రాన తప్పించుకోలేమండీ. వయసుని ఆపలేం. తిండి, నడక మాత్రం మన చేతిలోనే ఉన్నాయి" అంది.

ఈయన చెవికెక్కింది మొదటి సగమే. బయటికి రాగానే, "విన్నావుగా, చిల్లులు పూడిపోయాయట. ఇక నోరు కట్టుకుని ఏం లాభం?" అంటూ స్వీట్ల కొట్టు వైపు తిరిగారు! నెత్తి కొట్టుకున్నాను.

మళ్లీ పరీక్షకి రానని మొండికేస్తే, "నేనూ ఇస్తాను రక్తం, పదండి" అని బయల్దేరదీశాను.

ఇప్పుడు అసలు సంగతి. కంగారుపడకు. సుగరూ, కొవ్వూ రెండూ ఆయనకన్నా నాకే ఎక్కువొచ్చాయి. ఆయన పళ్లెంలోంచి లాగేసిందంతా పారేయలేక నేనే తింటున్నానుగా! ఆయన్ని అంతలా సాధించిన నోటితో ఎలా చెప్పను? కొన్నాళ్లు దాచాను. నిన్న ఇక ఉండబట్టలేక షాపుకెళ్లి చెప్పేశాను.

వెక్కిరిస్తారనుకున్నాను. మీ నాన్నేమో గడ్డానికి నురగ పూయించుకున్నాయన్ని కుర్చీలో అలాగే వదిలేసి, "పద, నడుద్దాం" అన్నారు.

దారంతా నాకే పాఠం. "కాలేయంలో చిల్లులుంటాయే, నీకు తెలీదు. వయసుతో పాటు పూడిపోతాయి..." నాకే చెబుతున్నారు, నాకు! ఒళ్లు మండిపోయింది. "అబ్బబ్బా, నాకు తెలుసులెండి" అని విదిలించుకోబోయి, ఆగిపోయాను. స్వీట్ల కొట్టు ఎదురైతే, నా చెయ్యి వదలకుండా, అటు కన్నెత్తైనా చూడకుండా దాటించేశారు, తల్లీ. చెప్పినంతసేపూ విన్నాను.

ఇట్లు,
కాళ్లు పీకుతున్న మీ అమ్మ