తెల్ల చెడ్డీలకు పసుపు పెట్టకు

అత్తమ్మా,

ఎలాస్టిక్ కొననీకి హైదరాబాద్ పోతున్న. జమ్ములమ్మ గుడి కాడికెళ్లి నువ్వు వచ్చేవరకు నేనుండ. అన్నం వండిన, పప్పు వేడి చేసుకో. పగటీలి కొరియర్ ఆయన వస్తడు. మంచం మీదున్న పొట్లాలన్నీ ఆయనకియ్యి. అన్నీ నేను కుట్టిన మొగోళ్ల ఈత చెడ్డీలు, డ్రాయర్లు, బయటి దేశాలకు పోయేటివి. జర వాటిని విప్పకు.

మొన్న తెల్ల చెడ్డీలు ఎందుకు వాపస్ వచ్చినయో నిన్న తెల్సింది. మగ్గం మీద నుంచి దింపిన ప్రతి చీరకు పెట్టినట్టే వాటి మూలకు గూడ పసుపు పెట్టినవు. కొత్త బట్ట గద, మంచిదనుకున్నవు. కానీ తెల్ల చెడ్డీ మీద పచ్చ మరక చూస్తే కొన్నాయన ఏమనుకుంటడత్తా? ఎవరో తొడిగి విడిచింది పంపినమని ఆన్‌లైన్ల మన దుకాణం కింద ఫొటో పెట్టి రాసిండు. లోకమంత చూస్తుంది. నేనేమని జవాబియ్యాలె? మా అత్త దీవెన అంటే నమ్ముతడా?

సబ్బు పెట్టి ఉతికిన. పసుపు పోకపోంగ ఎర్రగైంది, ఇంకింత ఘోరంగ కనపడ్తుంది. ఇగ అమ్మనీకి రావు. నీ కొడుకును తొడుక్కోమను.

నీ మీద కోపం లేదు. యాష్టకొచ్చింది, అంతే.

లహరి

ఇప్పుడే చూసిన. నేనేసుకున్న కొత్త చున్నీ కొసకు గూడ పసుపుంది. ఎప్పుడు పెట్టినవో ఏమో. మార్చుకోను. గిట్లనే పోత.