లేని చప్పుడుకి బటన్

జూన్ 3
నా రాత కోడి గెలికినట్టుంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. చదివింది ఐదు. ఇది ఎవరూ చదవరులే గాని, చదివితే మన్నించాలి.

ఇవాళ కూడా అత్తయ్య అంది, నా మాట పళ్ళు దాటి రాదట. మూగదాన్ని తెచ్చుకున్నా ఇంతకన్నా నయమేనట. అన్నం పెట్టనా అని ఆయన్ని అడిగాను. ఏంటీ అన్నారు. మళ్ళీ అడిగాను. ఏంటీ. ఇంకోసారి అడగడానికి సిగ్గేసి కంచం పెట్టేశాను. గట్టిగా మాట్లాడాలన్నా ఓపిక ఉండాలి.

జూన్ 5
ఆయన డబ్బాల ఫ్యాక్టరీలో, ప్రెస్ షాపులో చేస్తారు. ఇనప రేకు పెడితే పైనుంచి ప్రెస్ దిగి డబ్బా మూత చేస్తుంది. ఆ చప్పుడు గేటు దాకా వస్తుంది. చెవుల్లో పెట్టుకోమని కంపెనీ రబ్బరు బిరడాలిచ్చింది. బట్టలుతికేటప్పుడు అవి జేబులోనే దొరుకుతాయి, మరక లేకుండా. ఎందుకు పెట్టుకోరని అడిగాను. ప్రెస్ దిగే ముందు ఉస్సుమంటుందట, అది వినపడకపోతే వేళ్ళుండవట. చెవులా వేళ్ళా అంటే వేళ్ళే కదే అన్నారు.

జూన్ 9
ఫ్యాక్టరీకి చెవి టెస్ట్ వ్యాను వస్తోందట. ఫెయిలైన వాళ్ళని ప్యాకింగుకి మారుస్తారు. ప్యాకింగుని వీళ్ళు ముసలోళ్ళ సత్రం అంటారు. ఆయనకి ఇంకా ముప్పై రాలేదు.

ఆయనతో ప్రెస్ మీద చేసే మీసాలన్న వచ్చి కిటుకు చెప్పాడు. అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెడతారు. కుయ్ అని వినపడితే బటన్ నొక్కాలి. వినపడకపోయినా ఏం కాదురా తమ్ముడూ, నర్సమ్మ మోచేతి మీద కన్నెయ్యి, అది కదిలితే నొక్కు అన్నాడు. ఆ టెస్ట్ చెవులకి కాదు కళ్ళకి అని తనే నవ్వాడు. మీసాలన్న గుసగుస వీధి చివరికి వినిపిస్తుంది.

జూన్ 12
ప్రాక్టీసు. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేను వెనక నుంచి చెంచాతో గ్లాసు మీద మెల్లగా కొట్టాలి. వినపడితే ఆయన పెన్ను టక్కున నొక్కాలి.

కొట్టాను. టక్. కొట్టాను. ఏమీ లేదు. చెంచా కింద పెట్టి చెయ్యి తుడుచుకుంటున్నాను. టక్. ఊరికే నిలబడ్డాను. టక్. టక్.

ముందుకెళ్ళి ముఖం చూశాను. ఒక్కటీ వదల్లేదు కదా అన్నట్టు చూస్తున్నారు.

నేను కొట్టలేదని చేతులతో చెప్పాను. పెన్ను కింద పెట్టేశారు. తర్వాత చెప్పారు. చెవిలో ఎప్పుడూ ఒక కూత ఉంటుందట. కుక్కర్ అరిచే ముందు సన్నగా వస్తుందే, అలా. పడుకున్నా పోదట. ఏది బయటిదో ఏది లోపలిదో తెలియదట. ప్రెస్ షాపులో అందరికీ ఉండేదే, చెప్పడానికేముంది అన్నారు.

ఇన్నాళ్ళూ నా గొంతుదే తప్పనుకున్నాను.

జూన్ 15
రేపు టెస్ట్. ముందు రోజంతా చప్పుడులో ఉండొద్దన్నారట. అత్తయ్య టీవీ ఆపేసింది. గిన్నెల్ని పసిపిల్లని దించినట్టు దించుతోంది. ఇవాళ ఈ ఇంట్లో అందరూ నాలాగే మాట్లాడారు.

జూన్ 16
మోచెయ్యి కనబడలేదు. ఈసారి నర్సమ్మ అటు తిరిగి కూర్చుందట.

జూన్ 18
నర్సమ్మ మళ్ళీ రమ్మంది. కుయ్‌మననప్పుడు కూడా నొక్కాడు, వేళాకోళమో చెవే పోయిందో తేలాలి, ఇంట్లో మనిషిని తీసుకురా అందట.

అత్తయ్య నాకు పాఠం చెప్పింది. చీమ చిటుక్కుమన్నా వింటాడని చెప్పు, ఒక్కరోజుకి నోరు అరువు తెచ్చుకోవే తల్లీ అంది.

జూన్ 20
దారిలో ఆయన ఒకటే మాటన్నారు. అంతా నీ చేతిలోనే ఉందే అన్నారు.

మమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టి, ఇంట్లో ఎలా వింటాడమ్మా అని అడిగింది నర్సమ్మ. చీమ చిటుక్కుమన్నా, అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఇలాగే ప్రెస్ మీద ఉంటే కొన్నాళ్ళకి ఆ ఉస్సు కూడా వినపడదు. అప్పుడు వేళ్ళూ ఉండవు.

చెప్పేశాను. ఏంటీ అనడం, గ్లాసు, చెంచా, కూత. తల దించుకునే చెప్పాను. నర్సమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని వింది.

ఆయన నా భుజానికి ఆనుకునే ఉన్నారు. ఒక్క ముక్క వినపడలేదు. నేను బాగా చెప్తున్నానని తల ఊపుతున్నారు.

బయటికొచ్చాక ఏం చెప్పావే అన్నారు. చెవి దగ్గరికెళ్ళి, బాగా వింటారని చెప్పానన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ తిరిగి చూశాడు. ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు అని ఆయన నవ్వారు.

జూన్ 27
ప్యాకింగు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకో అందట నర్సమ్మ. నువ్వెంత బాగా చెప్పినా ఆ మెషీనే మోసం చేసింది అంటున్నారు ఆయన. అత్తయ్య కూడా మెషీన్నే తిడుతోంది.

జూలై 2
ఈ పుస్తకం కాల్చేద్దామని తీశాను. చేతులు రాలేదు. ఇది ఎవరికి దొరికినా కాల్చేయండి. ఆయనకి మాత్రం ఇవ్వకండి. ఆయనకి చదవడం బాగా వచ్చు.