పోయొస్తా అంటేనే పోయే మిషను

మార్చి 4
ఏసీ కోసం కంట్రోల్ రూములోకి పోయాను. సోలార్ పార్కు గేటు వాచ్‌మన్‌కి ఎండాకాలం అంతకంటే పెద్ద పనేముంది. సవిత ఏడుస్తోంది. నాగలమడిక ఊరి పిల్ల, కొత్త ఇంజనీరు. నల్ల స్క్రీన్‌లో ప్యానెళ్ల టెస్టు నడుపుతూ కంట్రోల్ పట్టుకుని పక్క కీ నొక్కబోయి డి నొక్కిందట. కంట్రోల్, డి కలిపి తగిలితే మిషన్ పని అయిపోయిందనుకుని లాగౌట్ అవుతుందట. టెస్టు మధ్యలోనే చచ్చింది. ఇది రెండోసారి. ఇంకోసారి అయితే పర్మనెంటు లేదు, ఇంటికి పోమ్మా అన్నాడట ఇక్కడి ఇన్‌ఛార్జి గోపాలకృష్ణ సార్.

మేక గూడా తాడు తెంచుకునే ముందు ఒగసారి మే అంటాది పాపా, మీ మిషన్‌కు అదీ లేదే అన్నాను. నవ్వలేదు.

మార్చి 5
సాయం చేద్దామని డి కీ పీకి జేబులో వేసుకున్నాను.

మార్చి 6
సవిత పాస్‌వర్డులో డి ఉందట. పొద్దున్నుంచి లాగిన్ కాలేదు. ఎర్రిస్వామి మామా, నీకు పేరు సరిగ్గానే పెట్టినారప్పా, ఆ డి యాడుండాదో తెచ్చియ్యి, లేకుంటే మా అవ్వతో చెప్తా అంది. వాళ్లవ్వ తిప్పమ్మ నోటికి ఊరే దడుస్తుంది. వెంటనే ఇచ్చేశాను.

మార్చి 9
దారి సవితే కనుక్కుంది. ఏదో ఒక లైను రాసింది. ఇక డి తగిలినా మిషన్ కదలదు. పోవాలంటే ఎగ్జిట్ అని టైపు చెయ్యాలి.

అదేంది పాపా, గడప దాటేటప్పుడు పోతా అంటే మా యమ్మ వాత పెట్టేది, పోయొస్తా అనల్ల గదా అన్నాను. అప్పుడు నవ్వింది. ఎగ్జిట్ తీసేసి ఇంగ్లీషు అక్షరాల్లో పోయొస్తా పెట్టేసింది. నేను ఊరికే అన్నాను.

మార్చి 13, సాయంత్రం
పెద్ద టెస్టు. బెంగళూరు ఆఫీసు మేనేజర్లు వచ్చారు. వాళ్లకు వేలు పెట్టి చూపిస్తూ గోపాలకృష్ణ సారే కీబోర్డు మీద చెయ్యి ఆనించాడు. కంట్రోల్, డి. సవిత కళ్లు మూసుకుంది.

మిషన్ కదల్లేదు. అట్ల పోయేది లేదు అని ఇంగ్లీషులో ఒక లైను వేసి ఊరుకుందట. టెస్టు చివరిదాకా నడిచింది.

మేనేజర్లకు బాగా నచ్చింది. బెంగళూరు మిషన్లకూ ఇదే పెట్టమని సవితతో పెట్టించుకున్నారు. పర్మనెంటు ఆర్డరు సంగతి అడిగితే నోడోణ అన్నారట. కన్నడలో చూద్దాం అంటే తెలుగులో లేదని అర్థం.

మార్చి 18
గేటు ఫోన్‌కి బెంగళూరు నుంచి పెద్ద మేనేజరు. ఎగ్జిట్ ఎంత కొట్టినా మిషన్ వదలడం లేదట. సవిత ఎవరిదో పెండ్లికి పోయి ఫోన్ ఎత్తడం లేదట. ఆ మాట ఎర్రిస్వామిదే, వాణ్ణే అడగండి అన్నాడట గోపాలకృష్ణ సార్. ఏం టైపు చెయ్యాలప్పా అని బతిమాలాడు.

మా సవిత ఆర్డరు యాడికొచ్చింది సార్ అన్నాను. అది వేరే విషయం అన్నాడు.

నోడోణ సార్ అని ఫోన్ పెట్టేశాను.

మార్చి 18, సాయంత్రం
సవిత ఆర్డరు వచ్చింది. మాట చెప్పాను. ఇప్పుడు స్పెల్లింగు అడుగుతున్నాడు. నాలుగో తరగతిలో బడి మానేసినోణ్ణి.