నత్తో ఎవరు తిన్నారు?

యొకోతె,
1957 జనవరి 18

పరీక్షశాల నెమోతో గారికి, పెద్దమేస్త్రి కుమగై తొరజో నమస్కరించి రాసుకునేది.

ఇక్కడ మంచు కిటికీల దాకా వచ్చింది. అక్కడ మీకు జలుబు చెయ్యలేదనుకుంటాను.

మా సాకే కార్ఖానాలో ఈస్ట్ యజమాని తాతగారి నాటిది. చెక్క తొట్లలో, దూలాల్లో కాపురముంటూ, ఏటా ఎవరూ పిలవకుండానే వచ్చి మా అన్నాన్ని పులియబెట్టి సాకే మద్యం చేస్తుంది. ఇప్పుడు చినయజమానికి టోక్యో నుంచి సీసాల్లో వచ్చే ఈస్ట్ మీద మోజు పుట్టింది. "మనది శుభ్రంగా ఉందని పరీక్షశాల వాళ్లు రాసిస్తే ఉంచుదాం. లేదంటే ఫిబ్రవరి నెలాఖరుకు తొట్లన్నీ మరిగే నీళ్లతో కడిగించేస్తా" అన్నాడు. పద్దెనిమిది చలికాలాలుగా దాన్ని పసిబిడ్డలా సాకుతున్నాను. అది పోతే వచ్చే ఏడు నేనూ రాను.

మా శుభ్రత గురించి అనుమానం పెట్టుకోకండి. పని నడిచినన్నాళ్లూ మా దగ్గర ఎవరూ నత్తో ముట్టరు. ఆ పులిసిన బంక సోయాగింజల్లోని కంటికి కనబడని పురుగు చొరబడిందంటే మా అన్నం గతి అంతే. నత్తోను లోపలికి తెచ్చినవాడు ఎవడైనా సరే, వసంతం దాకా గేటు బయటే. ఈ నియమం పెట్టింది నేనే.

ఇట్లు,
కుమగై తొరజో

తా.క.: సీసా ఎవరి చేతికీ వదల్లేదు. తొట్టి పక్కనే కూర్చుని నేనే కట్టాను. మూతికి దూది, దాని చుట్టూ మా పొలంలోని వరిగడ్డి. గడ్డి పారేయకండి, మంచి రకం.


టోక్యో,
జనవరి 27

గౌరవనీయులైన పెద్దమేస్త్రి గారికి,

ఇక్కడ మంచు లేదు, జలుబు మాత్రం ఉంది.

మీ ఈస్ట్‌ను సూక్ష్మదర్శినిలో చూశాను. ఒక్కొక్కటీ ఒకే ఒక్క కణం. అయినా మీ కార్ఖానాకు ఏమీ తీసిపోదు. చుట్టూ గట్టి గోడ. గోడ లోపల పలచటి పొర. ఎవరిని రానివ్వాలో, ఎవరిని పంపెయ్యాలో చూసుకునేది అదే. లోపల కేంద్రకం ఉంది, తయారీ వివరాలన్నీ దాని దగ్గరే. పక్కన పెద్ద నీటిసంచి, సామాన్ల గది లాంటిది. గాలి అందకపోయినా బెంగపడదు. చక్కెరను విరిచి ఆల్కహాల్ చేసి, ఆ పనిలో వచ్చిన శక్తితోనే బతికేస్తుంది. మొగ్గ తొడిగి పిల్లను కంటుంది. పిల్ల విడిపోయిన చోట తల్లి గోడ మీద మచ్చ పడుతుంది. మచ్చలు లెక్కపెడితే ఎన్ని కాన్పులో తెలుస్తుంది.

ఇంతవరకు శుభవార్త. వాటి మధ్య కర్రముక్కల్లాంటి కణాలు కూడా ఉన్నాయి. అవి నత్తోవి. కేంద్రకం కూడా లేని బీద బతుకు వాటిది. కష్టం వస్తే మాత్రం దళసరి కవచం తొడుక్కుని పడుకుంటాయి, మరిగించినా చావవు. అవి ఉండగా శుభ్రమని రాసివ్వలేను. మీవాళ్లలో ఎవరో నత్తో తిని ఉంటారు.

విధేయుడు,
నెమోతో షూహే

తా.క.: మాది మితో పట్నం. మా అమ్మ నత్తో చేసి అమ్ముతుంది. ఈ కణాలను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును, పొరపాటుకు తావు లేదు.


యొకోతె,
ఫిబ్రవరి 4

నెమోతో గారికి,

మంచు పైకప్పు దాకా వచ్చిందంటున్నారు. మీ ఉత్తరం చదివాక నేను తలెత్తి చూడలేదు.

పదకొండు మందినీ వరసగా నిలబెట్టి నోళ్లు వాసన చూశాను. నత్తో తప్ప అన్నీ దొరికాయి. ఒకడు ఆరో తొట్టిలోంచి రోజూ గ్లాసెడు తాగుతున్నానని ఒప్పుకున్నాడు. బియ్యం ఆవిరి పెట్టేవాడు నా గొంతుతో మాట్లాడి అందరినీ నవ్విస్తుంటాడని తెలిసింది. ఇది మీ పరీక్షకు సంబంధించింది కాదు, అయినా రాస్తున్నాను.

చివరికి పొయ్యి చూసే గెన్‌పచి దగ్గర ఆగాను. వాడు మా ఆవిడ తమ్ముడు. నన్ను చూసి నవ్వాడు.

"ఎందుకురా నవ్వుతున్నావు? నత్తో తిన్నావా?"

"నేనెందుకు తింటాను బావా? ఒకటి చెప్దామనుకున్నా. పోన్లే, చెప్తే వింటావా ఏంటి?"

తినకపోతే నవ్వెందుకు? గేటు బయటికి పంపేశాను. అప్పటి నుంచి ఊళ్లో ఉన్న మా ఆవిడ నాకు ఉత్తరాలు మానేసింది. మీరు రాసిన ఆ పలచటి పొర లాంటి కాపలావాడు ఎవరైనా ఉంటే పంపండి, ఈ పని నావల్ల కావడం లేదు.

ఇంకో సీసా పంపుతున్నాను. ఈసారి గడ్డి రెండు చుట్లు.

ఇట్లు,
తొరజో

తా.క.: తల్లి మచ్చల సంగతి మా వంటమనిషి ఒత్సునెకు చదివి వినిపించాను. తొమ్మిది మందిని కన్న మనిషి. "ఇంతోటి దానికి సూక్ష్మదర్శిని ఎందుకయ్యా, నన్నడిగితే చెప్పేదాన్నిగా" అంది.


టోక్యో,
ఫిబ్రవరి 13

పెద్దమేస్త్రి గారికి,

నా జలుబు తగ్గింది. మీ కర్రకణాలు తగ్గలేదు. రెండో సీసాలో మొదటిదానికి రెట్టింపు ఉన్నాయి.

దోషిని పంపేశాక దోషం రెట్టింపవడం మా శాస్త్రంలో ఎక్కడా లేదు. ఇంకొకరిని బయటికి పంపే ముందు కాస్త ఆగమని మనవి. మీ నెలాఖరు గడువు నాకు గుర్తుంది. మూడో సీసా త్వరగా అందితే ఫలితం టెలిగ్రాంలో చెబుతాను. ఇదే ఆఖరిది.

విధేయుడు,
నెమోతో

తా.క.: మీ గడ్డి బాగుందని మా అమ్మకు పంపాను. ఉడికించిన సోయాగింజలు అందులో చుట్టిందట. ఎప్పుడూ పాత నత్తో కాస్త తోడు వేస్తుంది. ఈసారి ఏమీ వెయ్యకుండానే మర్నాటికల్లా నత్తో అయి తీగలు సాగిందట. ఇలాంటి గడ్డి జన్మలో చూడలేదంటోంది. ఇంకాస్త పంపగలరా?


యొకోతె, కార్ఖానా గేటు ఎదుటి నూడుల్స్ దుకాణం,
ఫిబ్రవరి 26

నెమోతో గారికి,

మంచు కరగడం మొదలైంది.

మీ తాజా కలం నిలబడి చదవడం మొదలుపెట్టాను. అయ్యేసరికి కూర్చుని ఉన్నాను. ఆ పురుగు వరిగడ్డిలోనే కాపురముంటుందని మా ఊళ్లో ఆరేళ్ల పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసి తెలిసి, తొట్టి పక్కన కూర్చుని గడ్డి చుట్టింది నేను. చాలలేదని రెండోసారి రెండు చుట్లు చుట్టాను.

గెన్‌పచి ఊరికి పోలేదు. ఈ దుకాణంలోనే గిన్నెలు కడుగుతున్నాడు. వచ్చి అడిగాను.

"గడ్డి సంగతి నీకు తెలుసు కదరా. చెప్పొచ్చుగా?"

"పద్దెనిమిదేళ్లలో నీకు ఎవరైనా ఏదైనా చెప్పారా బావా?"

చెప్పలేదు. నేను చెప్పనివ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వాణ్ణి మళ్లీ లోపలికి తీసుకెళ్లాను. మూడో సీసా వాడే నింపాడు. మూతికి దూది పెట్టి, చలికి తను కట్టుకునే ఉన్ని నడుంకట్టు విప్పి చుట్టి పంపాడు. శుభ్రంగా ఉందన్న మీ టెలిగ్రాం నిన్న అందింది. చినయజమాని మాట మీద నిలబడ్డాడు. మా ఈస్ట్ ఇల్లు ఖాళీ చెయ్యనక్కర్లేదు.

ఖాళీ చెయ్యాల్సింది నేను. నియమం నేనే పెట్టాను కదా. పదకొండు మంది ముందూ ఆ మాటే చెప్పి గేటు దాటాను. ఎవరైనా ఆపుతారేమోనని కాస్త మెల్లగా నడిచాను. ఎవరూ ఆపలేదు. గెన్‌పచి మాత్రం గేటు దాకా వచ్చి నా గొడుగు ఇచ్చి వెళ్లాడు. ఇప్పుడు వాడే పెద్దమేస్త్రి. ధ్రువపత్రం వాడి పేరున పంపండి.

ఇట్లు,
వసంతం దాకా గిన్నెలు కడిగే తొరజో

తా.క.: ఎలాగూ బయటే ఉన్నాను కాబట్టి ఈ పొద్దున వేడన్నంలో నత్తో తిన్నాను. చలికాలంలో దాని రుచి చూసి పద్దెనిమిదేళ్లయింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. మీ అమ్మగారికి గడ్డి వేరే పార్సెల్‌లో వస్తోంది.