భూతద్దంలో చదివిన మాట

శుక్రవారం, జూలై 1964

బడికి సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, రెదుయిలో చెరుకు పరిశోధన వాళ్ళ లైబ్రరీకి వెళ్ళొచ్చాను. నడుం పడిపోయింది. మన చెరుకు మొవ్వుల్లోంచి నల్లటి కొరడాల్లా పొడుచుకొస్తున్నదేమిటో కనుక్కు రమ్మన్నాడు నాన్న.

తెగుళ్ళ పుస్తకం మహా బరువు. చేతిలోంచి జారి కాలి మీద పడింది. అలవాటు కొద్దీ తీసి కళ్ళకద్దుకున్నాను. అది చూసి లైబ్రరీ చూసుకునే మదాం నాకు చూపు ఆనడం లేదనుకుంది పాపం. "ముందే చెప్పొచ్చుగా, మిస్యే" అని ఫ్రెంచిలో అంటూ భూతద్దం తెచ్చిచ్చింది. పుస్తకానికి కాలు తగిలితే మొక్కుకుంటామని వివరించే ఓపిక లేక, దాంతోనే చదివాను.

కాటుక తెగులట. మందు లేదు. దుబ్బులు తవ్వి తగలబెట్టాల్సిందే.

అమ్మా నాన్నా కలిసి నాటిన ఆఖరి చెరుకు అది.

ఇంటికొచ్చేసరికి నాన్న వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు.

"ఏం రాశారురా అందులో?"

"అక్షరాలు మరీ చిన్నవి నాన్నా. కళ్ళు ఆనలేదు."

కాసేపు నా మొహంలోకి చూశాడు. తన కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"సోమవారం ఇది పెట్టుకుని వెళ్ళు."