మబ్బు లేని ప్రతి రాత్రీ

జూన్ 3, సోమవారం

నిర్ణయం తీసుకున్నాను. ఇక వెనక్కి తగ్గేది లేదు.

మా దక్షిణార్ధగోళంలో జూన్‌తో మొదలయ్యే ఈ చలికాలం అయిపోయేలోగా ఒమేగా సెంటారిని ఫోటో తీస్తాను. లక్షల నక్షత్రాలు ఒకే ముద్దగా కూడిన గుంపు అది. మామూలు కంటికి మసకబారిన ఒక్క చుక్కలా కనిపిస్తుంది. దానికి కెమెరా గురిపెట్టేది నేనే. నా చేత్తో, నా కంటితో. బటన్ నొక్కితే తనంతట తానే తిరిగి వెతుక్కునే యంత్రం నాకొద్దు. అది మా బావమరిది గేవన్‌లాంటి వాళ్ళకి. పక్క పొలం వాడిదే. సోఫాలో కూర్చుని బటన్ నొక్కి, ఆకాశాన్ని జయించినట్టు కోతలు కోస్తాడు.

నియమం: మబ్బు లేని ప్రతి రాత్రీ ఏడింటికల్లా పెరట్లో ఉండాలి.

మా ఊరు కూనబారాబ్రన్ చుట్టుపక్కల సరైన వాన పడి రెండేళ్ళు దాటింది. గడ్డి లేదు. నీటి గుంట అడుగు పగుళ్ళు తీసింది. ఉన్నదల్లా ఆకాశమే, దుమ్ము తుడిచిన అద్దంలా. దాన్నైనా వాడుకోకపోతే ఎలా?

నా భార్య నోయెలీన్‌కి చెప్పాను. పొద్దున ఆరింటికి గొర్రెలకి దాణా వేయడానికి కూడా ఇంత హుషారుగా లేస్తావా అని అడిగింది. తప్పకుండా అన్నాను.

జూన్ 4, మంగళవారం

సరంజామా: కెమెరా. మూడు కాళ్ళ స్టాండు. రెండింటికీ మధ్య చిన్న తిప్పుడు యంత్రం. భూమి ఒకవైపు తిరుగుతుంటే ఇది కెమెరాను రెండోవైపు తిప్పుతుంది, చుక్కలు చుక్కల్లాగే పడతాయి. యంత్రం ఇరుసు మాత్రం ఆకాశం తిరిగే ఇరుసుకి సరిగ్గా గురిపెట్టి ఉండాలి. అంతే.

అంతే అనుకున్నాను. యంత్రంతో పాటు వచ్చిన పుస్తకంలో మొదటి పేజీ: "ధ్రువ నక్షత్రాన్ని చూడండి." నాకు యాభై ఏడేళ్ళు. ధ్రువ నక్షత్రాన్ని నేనూ చూడలేదు, మా నాన్నా చూడలేదు, ఈ ఖండంలో ఏ గొర్రె కూడా చూడలేదు. అది ఉత్తరాది వాళ్ళ సొత్తు. మనకి దక్షిణాన ఆ చోట ఏమీ లేదు. ఉన్నదల్లా ఆరిపోతున్న అగ్గిపుల్ల నిప్పులాంటి ఒక పిసరు చుక్క, అదీ వెతికితేనే.

ఫర్వాలేదు. దిక్సూచి ఉంది. దక్షిణం చూసి పెట్టేశాను. పది నిమిషాల పని!

జూన్ 5, బుధవారం

ఫోటోలో ఒక్క చుక్క కూడా లేదు. అన్నీ గీతలే. వంకరగా, పొడుగ్గా, వందల కొద్దీ.

నోయెలీన్ దాణా బకెట్ కింద పెట్టి స్క్రీన్‌లోకి వంగి చూసింది. "ఇది వానా?" అని అడిగింది. కాదన్నాను. ఆమె బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

దాణాకి ఆరింటికే లేచాను. మాట తప్పలేదు.

జూన్ 8, శనివారం

గేవన్ వచ్చాడు. నా దిక్సూచి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. అది చూపేది అసలు దక్షిణం కాదట, మన వైపు పన్నెండు డిగ్రీల తేడా ఉంటుందట. చెయ్యి చాచి పిడికిలి పట్టి, "ఇదిగో, ఒక పిడికిలి, ఇంకాస్త. అంత ఎడమకి జరుపు" అన్నాడు.

నాకు తెలుసన్నాను. నిజంగానే తెలుసు. ముప్పై ఏళ్ళుగా దిక్సూచి పట్టుకునే కంచెలు వేయించాను.

"అందుకేనా బావా, మీ కంచె మా పొలంలోకి వంగి వచ్చింది?"

వాడికి టీ కూడా ఇవ్వబుద్ధి కాలేదు. నోయెలీన్ ఇచ్చింది. తమ్ముడు కదా.

జూన్ 10, సోమవారం

పిడికిలి, ఇంకాస్త, ఎడమకి. పెట్టాను. తీశాను.

గీతలు పిసరంత కూడా తగ్గలేదు!

ఇదెలా సాధ్యం? పొయ్యిలో మాంసం మాడిపోతోంది అని నోయెలీన్ కేకేస్తున్నా కదల్లేదు. చివరికి యంత్రాన్ని తలకిందులు చేసి చూస్తే అడుగున చిన్న మీట కనిపించింది. ఒక పక్క ఉత్తరం, ఒక పక్క దక్షిణం. ఫ్యాక్టరీలో ఉత్తరానికి పెట్టి పంపారు. అంటే వారం రోజులుగా నా కెమెరా చుక్కల వెంట పోకుండా వాటికి ఎదురు పరుగెత్తుతోంది. మీట మార్చాను. ఈ సంగతి గేవన్‌కి తెలియకూడదు.

భోజనం దగ్గర నోయెలీన్ మెల్లగా చెప్పింది. లారీకి చెప్పేసిందట. ఇరవై ఎనిమిది, శుక్రవారం. తల్లి గొర్రెలు డబ్బో సంతకి వెళ్ళిపోతాయి. ఈ కరువులో వాటిని పెంచడానికి కొనేవాడు ఎవడుంటాడు? అక్కణ్ణుంచి కబేళాకే. దాణా ఇంకో నెలకి మించి రాదు, ఆలోగా వాన పడకపోతే మందలో నాలుగో వంతు మాత్రమే నిలబెట్టుకోగలం. ఆ మంద నోయెలీన్ వాళ్ళ నాన్న కట్టింది. ఆయన పోయాక ఇరవై రెండేళ్ళుగా ఈమె ఒక్కో పొట్టేలునీ ఏరి, ఉన్ని వేళ్ళతో పట్టి చూసి నిలబెట్టుకొచ్చింది. అవి పోతే మళ్ళీ ఆ రక్తం రాదు.

ఏవి ఉంచాలో, ఏవి పంపాలో ఇద్దరం కలిసి గుర్తులు పెట్టాలంది. అలాగే అన్నాను.

జూన్ 13, గురువారం

చంద్రుడు. వెన్నెల్లో ఒమేగా సెంటారి సరిగా రాదు. ఇది నా తప్పు కాదు, ఖగోళం.

జూన్ 16, ఆదివారం

ఇంకా చంద్రుడే. ఇంకా పెద్దగా. పైగా మంచు గడ్డకట్టే చలి. ఒమేగా సెంటారి ఇప్పుడు దాదాపు నడినెత్తిన ఉంటుంది. చూడాలంటే మెడ వెనక్కి విరగాలి. మెడ పట్టేసింది. నియమంలో మెడ గురించి ఏమీ రాసుకోలేదు కాబట్టి సెలవు తీసుకున్నట్టు లెక్క.

జూన్ 19, బుధవారం

చంద్రుడు ఆలస్యంగా వస్తున్నాడు. సాయంత్రం చీకటి దొరికింది. కానీ రగ్బీ మ్యాచ్.

జూన్ 22, శనివారం

బయటికి వెళ్ళాను! లెన్సు మీద మంచు పట్టింది. నోయెలీన్ ఉన్ని మేజోడు ఒకటి తొడిగాను. మేజోడుతో సహా ఫోటో వచ్చింది.

గుర్తులు పెట్టే పని ఈ రోజు చేద్దామా అని పొద్దున నోయెలీన్ అడిగింది. రేపు అన్నాను. నిన్న కూడా రేపనే అన్నాను. రాత్రి ఆకాశం బాగుంది, ఇలాంటప్పుడు వదులుకుంటే ఎలా అని నాకు నేనే చెప్పుకున్నాను.

నిజం రాస్తే ఏమవుతుంది, ఇది నా డైరీయే కదా. ఆ దొడ్లో నిలబడి, ఒక్కో దాని మొహం చూసి, నువ్వుండు, నువ్వు పో అనడం నావల్ల కాదు. పైకి చూడటం తేలిక. అక్కడ ఎవరూ నా మొహంలోకి తిరిగి చూడరు.

జూన్ 25, మంగళవారం

పెరట్లో ఉండిపోయి ఆలస్యంగా పడుకున్నాను. తెల్లారి చాలాసేపటికి లేచాను.

వంటింట్లో ఎవరూ లేరు. దొడ్డి దగ్గరికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వెళ్ళాల్సిన వాటి వీపుల మీద నీలం సుద్ద గీతలు. నోయెలీన్ చేతులు మోచేతుల దాకా నీలం. నేను వస్తున్నది చూసింది. పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ, "అయిపోయింది. నువ్వు పడుకోవాల్సింది" అంది.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఈ రాత్రి కెమెరా ముట్టుకోలేదు.

జూన్ 27, గురువారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

రేపు లారీ. చీకటి పడగానే పెరట్లోకి వెళ్ళాను. ఇంట్లో కూర్చునే ధైర్యం లేక వెళ్ళాను, ఫోటో కోసం కాదు.

అయితే చేతులు వాటంతట అవే పని చేశాయి. దక్షిణాన శిలువ ఆకారంలో ఉండే నాలుగు చుక్కల పొడుగు గీతను నాలుగున్నర రెట్లు సాగదీసి చూశాను. అక్కడ, ఆ ఖాళీలో, పిసరు చుక్క దొరికింది! ఇరుసు దాని పక్కకి తెచ్చాను. మీట దక్షిణానికే ఉంది, రెండుసార్లు చూశాను. శిలువకి దారి చూపే రెండు చుక్కల్లో దానికి దగ్గరున్న దాని నుంచి పైన ఇంకో చుక్కకి, మళ్ళీ అంతే దూరం పైకి కెమెరా తిప్పాను. తీశాను. చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఓ మూలన పిండి చల్లినట్టు ఒక ముద్ద. వెంట్రుకవాసి జరిపాను. మళ్ళీ తీశాను. సరిగ్గా మధ్యలో!

ఎనిమిదిన్నర అయ్యుంటుంది. అసలు ఫోటో కోసం కెమెరా మూత తెరిచి ఉంచి లెక్కపెడుతుంటే, కంటి కొసన ఆకాశం ఒక మూల మసకబారింది. తలెత్తాను. పడమటి కొండల మీద చుక్కలు లేవు. ఆ నలుపు కదిలి వస్తోంది.

నోరు జారాను. "పోవే! పో అవతలికి! ఇన్నాళ్ళూ లేనిదానివి, ఇవాళే దొరికానా నీకు?" అని అరిచాను. చెయ్యి కూడా ఊపాను, కోడిని తోలినట్టు.

వరండా తలుపు దగ్గర నోయెలీన్ నిలబడి ఉంది.

ఈ జిల్లాలో మబ్బుని పొమ్మన్న మనిషి నేనొక్కణ్ణే అయ్యుంటాను. చర్చిలో బూతులు తిట్టినా ఇంతకంటే నయం. ఆమె మెట్లు దిగి వచ్చి పక్కన నిలబడింది.

"ఆ మాట వెనక్కి తీసుకో క్లైవ్."

"ఎలా?"

"ఎలా పొమ్మన్నావో అలాగే రమ్మను. అంతే గట్టిగా."

సన్నగా రమ్మన్నాను. వినపడలేదంది. ఇంకోసారి పిలిచాను. మూడోసారి ఆమె కూడా కలిసింది. ఇద్దరం పెరట్లో నిలబడి, పడమటి వైపు చేతులు చాచి, రావే, ఇటు రావే అని కేకలు. కుక్క భయపడి ట్రాక్టరు కిందికి దూరింది. నోయెలీన్ నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. మంగళవారం తనని ఒంటరిగా వదిలేసినందుకు క్షమించమన్నాను. ఇంకా క్షమించలేదు, కానీ చలిగా ఉంది, లోపలికి రా అంది.

ఆకాశం మొత్తం నల్లబడింది. ఏమీ పడలేదు. వంటింట్లో దీపం ఆర్పి, రేకుల కప్పు కింద చెవులు పెట్టుకుని కూర్చున్నాం. కాసేపటికి ఒక చినుకు. చాలాసేపటికి ఇంకోటి. తర్వాత లెక్కపెట్టడం కుదరలేదు.

జూన్ 28, శుక్రవారం

వాగు పొంగింది. లారీ డ్రైవర్ ఫోన్ చేసి, దారి తెగింది, మంగళవారం వస్తానన్నాడు. "మంగళవారం కూడా వద్దు" అని నోయెలీన్ ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత ఫోన్ ఆగలేదు. వాన పడితే ఇక్కడ అందరూ అందరికీ చేసేదే. గేవన్ అడిగాడు, మీ వాన కొలిచే గొట్టంలో ఎంత ఉంది అని. అరవై ఒక్క మిల్లీమీటర్లు అన్నాను. వాడి దగ్గర యాభై నాలుగే. "మీ గొట్టం వంకరగా ఉందేమో బావా" అన్నాడు. మనసులో ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

దొడ్లో గొర్రెలు తడిసి ముద్దై, ఆవిర్లు కక్కుతూ నిలబడ్డాయి. నీలం గీతలు కొట్టుకుపోయాయి. ఏది ఉండాల్సిందో ఏది పోవాల్సిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నోయెలీన్ వాటి మధ్యలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే కెమెరా గుర్తొచ్చింది.

మూడు కాళ్ళూ బురదలోకి దిగి, మొత్తం ముందుకి వాలిపోయి ఉంది. గురి మాత్రం సూటిగా ఉంది, భూమికి.

జూలై 1, సోమవారం

కెమెరాని నోయెలీన్ పొయ్యి పక్కన పెట్టింది, తల్లిలేని గొర్రెపిల్లల్ని వెచ్చబెట్టే పెట్టెలో. తిప్పుడు యంత్రం ఇక లేవదు. ఫోటోలు దాచే కార్డు మాత్రం బతికింది.

ఆఖరి ఫోటో చూశాను. ఒమేగా సెంటారి కొలిచి పెట్టినట్టు మధ్యలో ఉంది. చుక్కలన్నీ గుండ్రం. ఒక మూల నుంచి బూడిద రంగు పొర చొచ్చుకొస్తోంది. ఎంత కష్టపడితే దొరికిన ఫోటో!

నోయెలీన్ దాన్ని అచ్చు వేయించి ఫ్రిజ్ మీద అంటించింది. వచ్చిన ప్రతివాళ్ళకీ మూల చూపిస్తోంది. ఇదీ ఆ మబ్బు, అప్పుడే వస్తోంది చూడండి అంటోంది. అందరూ ఆ మూలనే చూస్తున్నారు, ఎంత బాగా తీశావు క్లైవ్ అంటున్నారు.

గేవన్ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. "అంతా బాగుంది కానీ, మధ్యలో ఆ మరక ఏంటి బావా?"

జూలై 5, శుక్రవారం

మధ్యలో ఇంకో జల్లు పడింది. నేల మీద పచ్చగా ఏదో లేస్తోంది, వంగి చూస్తేనే తెలుస్తుంది.

సాయంత్రం వరండాలోకి వచ్చి తలెత్తితే చుక్కలు. అన్నీ. ఒక్క మబ్బు లేదు. వాన మళ్ళీ మొహం చాటేసిందా అనుకున్నాను. నెల క్రితం ఇదే చూసి గంతులేశాను.

నోయెలీన్ నా వెనకే వచ్చి తనూ పైకి చూసింది. నేను కదలకపోవడం చూసి కోటు తెచ్చి చేతిలో పెట్టింది. "వెళ్ళు. నేలలో ఇంకా తడి ఉంది. ఈ ఒక్క రాత్రికి ఏమీ కాదు" అంది.

వెళ్ళాను. తిప్పుడు యంత్రం లేదు కాబట్టి ఉత్త స్టాండే. పెట్టె వెచ్చదనానికి కెమెరా ఉన్ని వాసన కొడుతోంది, మూత తెరిస్తే లోపల ఏదో గరగరమంటోంది. చూడాల్సింది దక్షిణం. నేను మాటిమాటికీ పడమటి కొండల వైపే చూశాను. ఒక్క ఫోటో రాలేదు.

గేవన్ తన పాత బటన్ యంత్రాన్ని వరండాలో వదిలిపోయాడు, ఊరికే వాడుకో బావా అని. దాని మీద గోనె సంచి కప్పాను. ముట్టుకోను.

రేపటి నుంచి మళ్ళీ మొదలు. నా చేత్తో, నా కంటితో. ఏడింటికల్లా పెరట్లో. మబ్బు పడితే మాత్రం బయటికి వెళ్ళను, నోయెలీన్ పక్కన కూర్చుంటాను.